అంచు కింద పసుపు

2009 ఆగస్టు. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోకు ఇరవై నిమిషాల దూరంలో, ఒకప్పుడు గుర్రపుబండ్లు నిలిపిన ఇటుక షెడ్డులో మా టెక్స్‌టైల్ కన్జర్వేషన్ స్టూడియో ఉండేది. కన్జర్వేషన్ అంటే పాతబట్టలకు వైద్యం. రఫ్ఫు చేసి కొత్తగా కనిపించేట్టు చేయడం కాదు, ఉన్నది ఉన్నట్టుగా ఇంకో వందేళ్లు నిలబెట్టడం. ఈ తేడా నాకు ఒంటబట్టడానికి ఏడాది పట్టింది.

ఆ స్టూడియో యజమాని రూత్. అరవై దాటిన మనిషి, మాట పొదుపు, చూపు సూది. లైబ్రరీలో పిల్లల చేతిపనుల ప్రదర్శనకు నేను కుట్టి ఇచ్చిన ఒక చిరుగు చూసి, ఇది ఎవరు కుట్టారని వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికి గ్రీన్‌కార్డు వచ్చి నెల కాలేదు. అంతకు ముందు ఆరేళ్లు ఉద్యోగం చేయనివ్వని హెచ్-4 వీసా మీద ఇంట్లోనే ఉన్నాను. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కానని మొదటిరోజే చెప్పేశాను. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు, లెక్కలు, ఇంగ్లీషు నేర్పారు. మిగిలిన చదువంతా పెడనలో రంగుల పని చేసే ఇంట్లో కాపురమున్న మా పెద్దమ్మ దగ్గర, కరక్కాయ నీళ్ల తొట్ల పక్కన సాగింది. పరీక్షలు ప్రైవేటుగా కట్టాను. అదంతా విని రూత్, "సరే, సోమవారం రా" అంది. ఆ మూడు ముక్కలకు నేను ఈనాటికీ రోజూ దీపం దగ్గర ఆమెను తలుచుకుంటాను.

ఇప్పుడు చెప్పబోయే కేసు ఒక శ్రావణ శుక్రవారం వచ్చింది. ఆ రోజు తెల్లవారి పూజ చేసుకుని, గడపకు పసుపు రాసి, ముఖానికీ కాళ్లకూ పసుపు రాసుకుని, కడుక్కుని పనికి వెళ్లాను. ఎంత కడిగినా గోళ్ల చుట్టూ ఆ రంగు ఉంటుంది కదా. ఆడవాళ్లందరికీ తెలిసిందే.

పది గంటలకు ఒక ముసలావిడ, ఆమె వెనకే కర్ర పట్టుకుని ఇంకా ముసలాయన వచ్చారు. ఆవిడ డోరతీ, ఎనభై ఒకటి. ఆయన ఆమె అన్న వాల్టర్, ఎనభై ఆరు. డెలవేర్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో పుట్టి పెరిగి, అక్కడే ముసలివాళ్లైన అన్నాచెల్లెళ్లు. డోరతీ చేతిలో దిండుగలీబు, అందులో ఎనిమిది మడతలు పెట్టిన పాత దుప్పటి.

"ఇది మా పూర్వీకుడి అంగట్లోది" అంది డోరతీ. "ఇంగ్లండు రాజుగారి పాలన రోజుల్లో మా ఊరి రేవులో అంగడి పెట్టుకుని, ఓడల మీద వచ్చిన గుడ్డలు అమ్మేవాడు. కూతురు పెళ్లికని ఇదొక్కటి అమ్మకుండా దాచాడు. మా అమ్మకు వాళ్లమ్మ చెప్పింది, నాకు మా అమ్మ చెప్పింది."

"పోస్టులో వచ్చే కేటలాగు చూసి మా అమ్మమ్మ తెప్పించుకున్న దుప్పటి ఇది" అన్నాడు వాల్టర్. "డెబ్భై ఏళ్లుగా చెబుతున్నాను."

"డెబ్భై ఏళ్లుగా తప్పే చెబుతున్నావు."

"అమ్మమ్మ ఇంకా చాలా చెప్పింది డాట్. మన చెరువులో మొసలి ఉందని కూడా చెప్పింది." చెల్లెల్ని ఆయన డాట్ అని పిలుస్తాడు.

రూత్ నవ్వలేదు గానీ పెదవి కదిలింది. డోరతీ సంగతేమిటంటే, ఆమె ఇల్లు అమ్మేసి వృద్ధుల నివాసానికి మారిపోతోంది. వాళ్ల ఊళ్లో పాతకాలపు ఇల్లొకటి చిన్న మ్యూజియంగా నడుస్తోంది. ఇది నిజంగా ఆ కాలందేనని మా స్టూడియో కాగితం రాసిస్తే వాళ్లు దీన్ని తీసుకుంటారు. డోరతీ వాళ్ల అమ్మ పేరున గోడకు పెడతారు. లేదంటే వాల్టర్ అన్నట్టు, "కుక్క పడుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది."

డోరతీకి కావలసింది దుప్పటికి పేరు కాదని నాకు అప్పుడే అర్థమైంది. అమ్మ అబద్ధం చెప్పలేదని ఎవరైనా రాసి సంతకం పెట్టాలి. అదీ అన్నయ్య బతికుండగా.

ఆమె దుప్పటిని తీసి బల్ల మీద ఉంచింది. పై మడతలో ఒక కొమ్మ, ఆ కొమ్మకు ఎర్రటి పువ్వు, పువ్వు చుట్టూ నీలం ఆకులు. నీలం ఆకులు! మా పెద్దమ్మ పాతగుడ్డలు చూపిస్తూ ఎన్నిసార్లు చెప్పిందో. ఆకుపచ్చ రావాలంటే ముందు నీలిమందులో ముంచి, పైన పసుపురంగు పూస్తారు. ఆ పైరంగు ఏళ్లు గడిచేకొద్దీ ఎగిరిపోతుంది. అందుకే ముసలిగుడ్డల్లో ఆకులు నీలంగా మిగిలిపోతాయి. ఇది ఏ ఊళ్లో చేశారో నాకెలా తెలుస్తుంది! కానీ నా చేతులు ఆగలేదు. ఆ మడతను రెండు చేతులా ఎత్తి కళ్లకు అద్దుకున్నాను.

అంతే. ఒక్క క్షణం. రూత్ ఆ సమయానికి లోపలికి ఫారాలు తేవడానికి వెళ్లింది. డోరతీ మాత్రం చూసింది. చూసి, నవ్వి, "ఏం చేశావు హనీ, వాసన చూశావా?" అంది.

"మా దగ్గర అలవాటండీ" అన్నాను సిగ్గుపడి. అప్పుడు గుర్తొచ్చి గ్లవ్స్ తొడుక్కున్నాను.

దుప్పటిని పూర్తిగా పరిచి చూశాం. మధ్యలో ఒక పెద్ద పూలచెట్టు. వెనకవైపు మొత్తం నారబట్టతో అస్తరు వేసి కుట్టారు, కాబట్టి వెనక్కి రంగు ఎలా ఇంకిందో కనిపించదు. చుట్టూరా వెడల్పాటి తెల్ల నాడాతో అంచు కట్టారు, కాబట్టి నేత అంచు కూడా కనిపించదు. కింది రెండు మూలలూ చతురస్రంగా కోసేసి ఉన్నాయి. పందిరిమంచం కోళ్లకు అడ్డు రాకుండా ఆ రోజుల్లో ఇక్కడివాళ్లు అలా కోసేవారు. పైమూలలు రెండూ బాగానే ఉన్నాయి. ఎడమ పైమూలలో, నాడాను ఆనుకుని ఎర్రపువ్వు, దాని పక్కన ఉసిరికాయంత లేత గోధుమరంగు మరక.

చదివేవారి కోసం ఒక మాట. అమెరికా ఇంకా ఇంగ్లండు చేతి కింద ఉన్న కాలంలో ఇక్కడి రేవు పట్టణాల వర్తకులు లండన్ ఓడల కోసం కాచుకుని ఉండేవారు. సరుకు దిగగానే ఇండియా చింట్జులు, కాలికోలు, ఐరిష్ నార వచ్చాయని పత్రికలో ప్రకటన వేయించేవారు. చింట్జు అంటే పూల అద్దకపు నూలుబట్ట. అందులో మేలిరకం మన కోరమండల్ తీరందే. కలంతో గీసి, పటికతో, చిరివేరు అనే మొక్క వేరుతో ఎరుపు తెచ్చి, తేనెమైనం పూసి నీలిలో ముంచినది. మన తీరంలో ఓడెక్కి, లండన్ గోదాముల్లో దిగి, మళ్లీ ఓడెక్కి ఇక్కడికి వచ్చేది. ఇంగ్లండులో అక్కడి నేతగాళ్ల గొడవ వల్ల ఆ బట్ట కట్టుకోవడం నిషేధించారు. వలస దేశాలకు పంపి అమ్ముకోవడానికి మాత్రం అడ్డు లేదు! తర్వాతి కాలంలో యంత్రాల మీద వీటికి అచ్చుగుద్దినట్టు నకళ్లూ వచ్చాయి. చూడగానే తేల్చిచెప్పడం రూత్ లాంటి వాళ్లకూ కష్టం.

సోమవారం స్పాట్ టెస్ట్ చేశాం. నీళ్లతో శుభ్రం చేసేముందు ఒక్కొక్క రంగు మీద సబ్బుద్రావణం చుక్క వేసి, తెల్లకాగితం అద్ది, రంగు వదులుతుందేమో చూడటమే స్పాట్ టెస్ట్. రంగు వదిలితే దాన్ని డై బ్లీడింగ్ అంటారు. మా పనిలో అంతకన్నా భయపెట్టే మాట లేదు. కనబడని చోట చేయాలి కాబట్టి ఎడమ పైమూలను ఎంచుకున్నాం. రూత్ ఎర్రపువ్వు రేకు మీద ఒక చుక్క వేసింది. అది జారి పక్కకు పాకింది. కాగితం అద్ది తీస్తే, ఎర్రగా ఉంది.

రూత్ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇండియా ఎరుపు వదలదు" అంది చివరికి. "రెండువందల యాభై ఏళ్లైనా వదలదు. దాని కోసమే ప్రపంచమంతా ఎగబడింది. ఇది వదిలిందంటే..." అని ఆగి, "పాపం డోరతీ" అంది.

నేను కాగితం వైపు కాదు, గుడ్డ వైపు చూస్తున్నాను. పువ్వు రేకు ఎలా ఉందో అలాగే ఉంది. ఎర్రబడ్డది పువ్వు కాదు, దాని పక్కనున్న గోధుమ మరక. ఆ ఎరుపు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు, పాదాలకు పెట్టుకునే పారాణి. సబ్బుద్రావణంలోనూ సున్నంలో ఉండేలాంటి క్షారమే ఉంటుంది. అంటే ఆ మరక పసుపు. శుక్రవారం నాడు పసుపు చేతులతో, పసుపు ముఖంతో ఆ గుడ్డను కళ్లకద్దుకున్నది నేను.

చెప్పాలి. నోరు రాలేదు. రూత్ చేతులు కడుక్కుంటూ, "రేపు మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పేస్తాను. ఆశ పెట్టి ఉంచడం మంచిది కాదు" అంది. నేను తలూపాను. ఆ తలూపడాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, ఏ సంగతైనా ముక్కలు చేసి చూస్తారు.

"ఆ మరక నువ్వు అద్దుకున్న చోటేనా?"

"అదే తెలియట్లేదండీ. ఎనిమిది మడతలుంది. పైకి మూల వచ్చిందో, మధ్య భాగం వచ్చిందో... పువ్వు మాత్రం గుర్తుంది. పువ్వులు అంతటా ఉన్నాయి."

"నువ్వు కడుక్కునే వెళ్లావుగా. అంత మరక పడుతుందా?"

"పడకూడదు. కానీ పసుపు అక్కడికి ఇంకెలా వస్తుందండీ?"

"ఎవరైనా చూశారా?"

"డోరతీ గారు చూశారు. నవ్వారు కూడా."

"అయితే సాక్షి ఉంది. అబద్ధం ఆడే ఛాన్స్ కూడా లేదు నీకు" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. "వాణీ, డిగ్రీ లేకుండా ఇచ్చిన జాబ్ ఇది. చెబితే పోవచ్చు. చెప్పకపోతే ఆ పెద్దావిడ ఓడిపోతుంది. ప్రాబ్లం క్లియర్‌గానే ఉంది. ఇంక నేను చెప్పడానికేముంది, నువ్వు పొద్దున ఆ దేవుడి ముందు ఎలా నిలబడతావో చూసుకో."

మర్నాడు పూజలో దీపం వెలిగించాను గానీ పసుపు భరిణె మూత తీయలేదు. ఏమని అడగాలో తెలియక ఊరికే నిలబడ్డాను. బయలుదేరే ముందు పెడనలో పెద్దమ్మకు ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం.

"పెద్దమ్మా, పూర్వం ఓడలకు పంపే గుడ్డలకు పసుపు పెట్టేవారా?"

"పసుపు పెట్టకుండా గుడ్డ గడప దాటుద్దా యేంటి? నాలుగు మూలలా పెట్టాల్సిందే."

"అమ్మకానికి పంపేవాటికి కూడానా?"

"అమ్మేదానికి ఎవరు పెడతారే? కొనుక్కున్నోళ్లు పెట్టుకుంటారు. మరకుంటే షావుకారు ఊరుకుంటాడా, తిప్పి కొట్టడూ!"

"ఇప్పుడేగా పెట్టాల్సిందే అన్నావు?"

"అన్నాను. మా అత్తగారు తొట్టిలోంచి తీసిన మొదటి గుడ్డకు మాత్రం పెట్టేది. అది ఇంట్లో ఉంచుకునేవాళ్లం, అమ్మేవాళ్లం కాదు. ఆ ముందటోళ్లు ఏం చేసేవోళ్లో నాకేం తెలుసు? నాకు ఓడలంటే రేవులో చూడటమేగానీ ఎక్కించి పంపానా ఏంటి? ఒసే వాణీ, అక్కడ గుడ్డలకు పసుపు పెడతన్నావా ఏంటి కొంపదీసి?"

ఉన్న గందరగోళం చాలదన్నట్టు ఇంకాస్త మూటగట్టుకుని స్టూడియోకి వెళ్లాను.

రూత్ కాఫీ కప్పు దించకముందే చెప్పేశాను. అంతా చెప్పాను. గోళ్లలో పసుపుతో సహా.

"గ్లవ్స్ డబ్బా నీకు రెండడుగుల దూరంలో ఉంది" అంది రూత్.

"ఉంది."

"ఏం చేశావో చూపించు. ఇదిగో, ఈ తువ్వాలుతో."

తువ్వాలును రెండు చేతులా ఎత్తి కళ్లకు అద్దుకుని చూపించాను.

"ఎందుకు?"

"గౌరవం ఉన్నదాన్ని అలా అద్దుకుంటాం."

"నాకు గౌరవం ఉన్నదాన్ని నేను ముట్టుకోను" అంది రూత్. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

తర్వాత ఆమె లేచి బీరువాలోంచి పలచటి వెనిగర్ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. "పసుపు అంటున్నావు. నిరూపించు." ఎర్రబడ్డ మరక మీద ఒక్క బొట్టు వేశాను. ఎరుపు కరిగి, పచ్చగా, మంగళవారపు గడపలా తేలింది. రూత్ ఇంకో చోట, ఏ మరకా లేని ఎర్రపువ్వు మీద మళ్లీ సబ్బుచుక్క వేసి కాగితం అద్దింది. కాగితం తెల్లగానే వచ్చింది. ఎరుపు వదల్లేదు.

"డోరతీకి ఫోన్ చేస్తాను" అంది. "పాపం అని చెప్పడానికి కాదు, అంచు విప్పడానికి అనుమతి అడగాలి. నీ పసుపో, ఎవరి పసుపో తెలియకుండా నేను రిపోర్టు రాయలేను. నీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

రెండు రోజులు ఆ 'తర్వాత' కోసమే చూస్తూ గడిపాను.

గురువారం అన్నాచెల్లెళ్లు ఇద్దరూ వచ్చారు. రూత్ సంగతంతా దాచకుండా చెప్పింది. నేను డోరతీకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ నా చేతిని తట్టి, "నేను చూశానుగా హనీ. మా చర్చిలో కూడా నీ అంత మర్యాదగా ఎవరూ దేన్నీ ముట్టుకోరు" అంది.

వాల్టర్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "మొత్తానికి ఏం తేల్చారు? నాకు అర్థమైంది చెబుతాను. ఇది కేటలాగు దుప్పటి, పైన కూర పడింది" అన్నాడు.

"వాల్టర్!"

"కూర నాకిష్టమే డాట్. నిజం చెప్పాను."

రూత్ భూతద్దం పెట్టుకుని, సన్న కత్తెరతో ఎడమ మూల దగ్గర నాడా కుట్లు ఒక్కొక్కటే కత్తిరించింది. పాత నారదారం, చేతికుట్టు. ఇది మధ్యలో ఎవరూ విప్పి మళ్లీ కుట్టింది కాదని కుట్ల రంధ్రాలను చూపించి చెప్పింది. నాడా మెల్లగా పైకి లేచింది.

దాని కింద వెలుతురు ఎరగని చోట, పసుపు. గోధుమరంగు కాదు, పసుపే. బయట కనిపించిన మరక సగమే. మిగతా సగం అంచు కిందకి దాక్కుని ఉంది. నాడా కుట్టకముందే ఎవరో అక్కడ బొటనవేలు అద్దారు.

నేను ఏడ్చానో లేదో నాకు గుర్తులేదు. రూత్ నా వైపు చూడకుండా కాగితపు రుమాలు డబ్బా జరిపిందని మాత్రం గుర్తుంది.

అస్తరు కూడా కొద్దిగా విప్పి వెనకవైపు చూసింది. గీతలు అచ్చు గుద్దినట్టు సమానంగా లేవు. కలం ఆగినచోట లావయ్యాయి, పరిగెత్తినచోట సన్నబడ్డాయి. మైనం చిట్లినచోట్ల నీలం సన్నటి నరాల్లా పాకింది. ఇంగ్లండులో నేసి అచ్చు వేసిన నూలు బట్టకు కొన్నాళ్లు నేత అంచులో మూడు నీలిపోగులు వేయాలని చట్టం ఉండేది. అవీ లేవు. ఇలా ఒక్కొక్కటే చెప్పి రూత్, "కోరమండల్ తీరం. మీ పూర్వీకుడి అంగడి కాలానికి సరిపోతుంది. ఆ అంగట్లోదే అని మాత్రం ఎవరూ చెప్పలేరు. కానీ కేటలాగుది కాదు, వాల్టర్" అంది.

డోరతీ తన అన్న వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆయన కర్ర మీద చేతులు ఉంచి బల్ల వైపే చూస్తూ, "అమ్మ చెప్పినప్పుడు నేను నవ్వాను. వంటగదిలో. నాకు పదహారేళ్లు. ఆమె తర్వాత నా దగ్గర ఎప్పుడూ దీని ఊసెత్తలేదు" అన్నాడు.

"నాకు తెలుసు" అంది డోరతీ.

"నీకు తెలుసా?"

"నేను వంటగది బల్ల కింద ఉన్నాను."

వాల్టర్ కుర్చీని చెల్లెలి పక్కకు జరుపుకున్నాడు.

తర్వాత తెరలు దించి, రూత్ యూవీ ల్యాంప్ తెచ్చింది. కంటికి కనబడని మరకలు ఆ దీపం కింద మెరుస్తాయి. పసుపైతే ఆకుపచ్చ కలిసిన పచ్చదనంతో వెలుగుతుంది. ఎడమ మూల వెలిగింది. కుడి మూల దగ్గరకు తీసుకెళితే అక్కడా నాడా అంచున సన్నగా వెలుగు. పెద్దమ్మ మాట గుర్తొచ్చింది. నాలుగు మూలలా. కింది రెండు మూలలూ మంచం కోళ్ల కోసం ఎప్పుడో కోసిపారేశారు. వాటిలో ఏముందో ఇక తెలియదు.

నా గుండె కుదుటపడింది. అంటే ఇది నా తప్పు కాదు, నేను ఏమీ చేయలేదు. మనసులో దండం పెట్టుకుంటూనే ఉన్నాను, రూత్ దీపాన్ని దుప్పటి మధ్యకు తెచ్చింది.

చెట్టు కొమ్మ మీద, ఎర్రపువ్వు పక్కన, పైమడతలో ఉండిన చోట, రెండు చిన్న వెలుగులు. వాటి మధ్య, రెండు కనుబొమల మధ్య ఉండేంత దూరం.

నేనే అన్నాను, "అవి నావి."

"అవును" అంది రూత్.

"రెండూ నిజమేనన్నమాట" అన్నాడు వాల్టర్. మొదటిసారి ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే తికమక ఉంది.

తర్వాత మాట్లాడుకుందామన్న మాట ఆ సాయంత్రం వచ్చింది. రూత్ ఆరు నెలలు నన్ను ఏ బట్టకూ మొదటి చెయ్యి వేయనివ్వలేదు. నాకు ఆ శిక్ష దయగానే అనిపించింది. ఆమె నన్ను పొమ్మని ఉండవచ్చు. ఒక ప్రశ్న మాత్రం అడిగింది. "అమ్మకానికి వెళ్లే సరుకుకు మీవాళ్లు ఎందుకు మరక పెట్టారు?"

"తెలియదు" అన్నాను. పెద్దమ్మ చెప్పిన రెండు మాటలూ చెప్పాను. ఇక్కడి వంటిళ్లలోనూ ఆ కాలంలో ఊరగాయల కోసం పసుపు వాడేవారని, ఎవరో వంటమనిషి చెయ్యి తగిలి ఉండవచ్చని రూత్ అంది. మరి రెండు మూలల్లోనూ ఎందుకుందని అడిగాను. ఓడెక్కే గుడ్డకు ఒక తల్లి పెట్టిందా? పెళ్లికూతురి దుప్పటికి ఇక్కడి చెయ్యి తగిలిందా? ఈ కేసు గురించి ఎవరు అడిగినా నేను ఇప్పటికీ ఇక్కడే తడబడతాను.

మ్యూజియం ఆ దుప్పటిని తీసుకుంది. గోడమీది కార్డులో డోరతీ వాళ్ల అమ్మ పేరు ఉంది. వాల్టర్ తన పేరు కూడా వేయమని పట్టుబట్టాడట. "నమ్మనివాడు అని రాయండి, సరిపోతుంది" అన్నాడట. వాళ్లు రాయలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లి ఆ కార్డు ముందు నిలబడేవాడని డోరతీ క్రిస్మస్ కార్డులో రాసింది.

మా పనిలో ఆఖరి అంకం కండిషన్ రిపోర్ట్. బట్ట ఏ స్థితిలో వచ్చింది, ఎక్కడ ఏ మరక ఉంది, ఎవరి వల్ల ఏమైంది అన్నది వరసగా రాసి సంతకం పెట్టే కాగితం. అక్షరం బాగుంటుందని రూత్ దాన్ని ఎప్పుడూ నాచేతే రాయించేది. ఆ శిక్ష రోజుల్లో కూడా. అది నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరం.

గౌరవం అంటే ముట్టుకోవడమా, ముట్టుకోకపోవడమా అన్నది ఈ కేసుతో నాకు తేలలేదు. రూత్‌ది ఒక దారి, మా పెద్దమ్మది ఇంకో దారి. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. చెయ్యి వేస్తే, వేశానని రాయాలి.

మొదటి మరక: పసుపు, ఎడమ పైమూల. పెట్టినవారు: తెలియదు. రెండో మరక: పసుపు, కుడి పైమూల. పెట్టినవారు: తెలియదు. మూడో మరక: పసుపు, నడిమి కొమ్మ మీద, రెండు గుర్తులు. పెట్టినవారు అన్నచోట కలం ఒక్క క్షణం ఆగింది. గీత అక్కడ లావయింది. తర్వాత నా పేరు రాశాను.